కాలిఫోర్నియా చిన్న క్లబ్బుల్లో సర్ఫ్ రాక్, పంక్ ప్రదర్శనలకు వెళ్లడం ఎలా

కాలిఫోర్నియాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారిలో చాలామంది స్టేడియాలలో జరిగే కచేరీలకు వందల డాలర్లు పెట్టి వెళ్తారు గానీ, తామున్న ఊళ్లోనే అందులో పదో వంతు ధరకు, రెండు మూడు వందల మంది పట్టే గదిలో జరిగే సర్ఫ్ రాక్, పంక్ ప్రదర్శనల జోలికి పోరు. సముద్రపు అలల మీద తేలే సర్ఫింగ్ ఆటతో ముడిపడిన, గిటారు ప్రధానంగా సాగే సర్ఫ్ రాక్ ఈ రాష్ట్రపు దక్షిణ తీరంలోనే రూపుదిద్దుకుంది. వేగంగా, మొరటుగా సాగే రాక్ అయిన పంక్ న్యూయార్క్, లండన్ నగరాల్లో పేరు తెచ్చుకున్నా, ఇక్కడికి వచ్చాక దానికంటూ ఒక సొంత నడక ఏర్పడింది. ఈ రెండింటినీ వాయించేవారికి పది అడుగుల దూరంలో నిలబడి వినడంలో ఉన్న ఆనందం ఎంత మంచి హెడ్‌ఫోన్లలోనూ దొరకదని నా గట్టి నమ్మకం.

వెళ్లేముందు ఒక గంటసేపు విని వెళ్లడం మంచిది. సర్ఫ్ గిటారిస్టు డిక్ డేల్ 1962లో వెలువరించిన ‘మిసర్లూ’తో మొదలుపెట్టండి. అది తూర్పు మధ్యధరా ప్రాంతపు పాత బాణీ. డేల్ తండ్రిది లెబనాన్ మూలాలున్న కుటుంబం కావడంతో అరబ్ సంగీతం ఆయనకు చిన్ననాటి నుంచే పరిచయం. కర్ణాటక సంగీతం కొద్దిగానైనా నేర్చుకున్నవారికి ఈ పాట ఎక్కడో విన్నట్టే అనిపిస్తుంది, ఎందుకంటే సరళీ స్వరాలు నేర్పే మాయామాళవగౌళ స్వరస్థానాల మీదే ఆ బాణీ నడుస్తుంది. తర్వాత ట్రాష్‌మెన్ అనే సర్ఫ్ బృందం 1963లో విడుదల చేసిన ‘సర్ఫిన్ బర్డ్’ను, అదే పాటను 1977లో న్యూయార్క్ పంక్ బృందం రమోన్స్ పాడిన తీరును పక్కపక్కనే పెట్టి వినండి. సర్ఫ్‌కూ పంక్‌కూ ఉన్న చుట్టరికం ఆ ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆరెంజ్ కౌంటీకి చెందిన ఏజెంట్ ఆరెంజ్ అనే పంక్ బృందం సర్ఫ్ బాణీలను కూడా వాయిస్తుంది కనుక, వారి ప్రదర్శన ఒక్కటి చూస్తే రెండూ చూసినట్టే.

ప్రదర్శనల వివరాలు క్లబ్బుల సొంత వెబ్‌సైట్లలో, బ్యాండ్ల ఇన్‌స్టాగ్రామ్ పేజీల్లో, పాత రికార్డులు అమ్మే దుకాణాల గోడల మీద అంటించిన ఫ్లయర్లలో దొరుకుతాయి. బర్కిలీలోని 924 గిల్మన్, లాంగ్ బీచ్‌లోని అలెక్సెస్ బార్, శాన్ డియాగోలోని కాస్బా ఇటువంటి సంగీతానికి పేరున్న చోట్లు. ప్రకటనలో వయసు గురించిన మాట తప్పక చూసుకోండి. ‘ఆల్ ఏజెస్’ అంటే పిల్లలతో సహా ఎవరైనా వెళ్లవచ్చు, ‘21 ప్లస్’ అంటే ఇరవై ఒక్క ఏళ్లు నిండినవారికే ప్రవేశం. ఆధార్ కార్డుతోనూ, మన దేశపు డ్రైవింగ్ లైసెన్సుతోనూ ద్వారం దగ్గర పని జరగదు. ఇక్కడి రాష్ట్రం ఇచ్చిన గుర్తింపు కార్డు గానీ గడువు దాటని అసలు పాస్‌పోర్టు గానీ ఉండాలి, ఫోనులో దాని ఫొటో చూపిస్తే ఒప్పుకోరు.

‘డోర్స్ 8, షో 9’ అని రాసి ఉంటే ఎనిమిదికి తలుపులు తీస్తారని, తొమ్మిదికి మొదటి బ్యాండు ఎక్కుతుందని అర్థం. సాధారణంగా మూడు నాలుగు బ్యాండ్లుంటాయి, ఒక్కొక్కటి అరగంట వాయిస్తుంది, పెద్ద పేరున్నది పదిన్నర దాటాక గానీ రాదు. చాలామంది అప్పుడే వస్తారు. మీరు మాత్రం మొదటి బ్యాండుకే వెళ్లండి. ఆ సమయానికి గది సగం ఖాళీగా ఉంటుంది, వేదిక అంచున నిలబడి గిటారు వాయించే చేతిని తీరిగ్గా చూడవచ్చు. సర్ఫ్ గిటారిస్టు తీగలు మీటే పిక్‌ను, తీగలు ఆనే బ్రిడ్జికి దగ్గరగా పట్టుకుని, ఒకే తీగను పైకీ కిందికీ ఎంత వేగంగా మీటుతాడంటే విడివిడి దెబ్బలన్నీ కలిసి ఒకే ధారగా వినిపిస్తాయి. ఆంప్లిఫైయరు మీద చిన్న పెట్టె ఒకటి కనిపిస్తే అది రివర్బ్ యూనిట్. అందులో బిగించిన స్ప్రింగుల గుండా ధ్వని ప్రయాణించడం వల్లే ఆ తడి తడి నాదం పుడుతుంది. ఎవరైనా పొరపాటున దాన్ని తాకితే స్ప్రింగులు కదిలి, ఉరిమినంత చప్పుడు స్పీకర్ల నుంచి వస్తుంది.

చెవుల విషయంలో అశ్రద్ధ పనికిరాదు. డేల్ వాయించిన బాల్‌బోవాలోని రెండెవూ బాల్‌రూమ్ వేల మంది పట్టే హాలు కావడంతో, అక్కడి జనం సందడిని మించి వినిపించేందుకు గిటార్లు, ఆంప్లిఫైయర్లు తయారుచేసే లియో ఫెండర్ ఆయన కోసం అంతకుముందు లేనంత శక్తిమంతమైన ఆంప్లిఫైయర్లను తయారుచేశారు. ఆ కోవకు చెందిన పరికరాలనే ఇప్పుడు చిన్న గదిలో మీ ఎదురుగా పెడతారు. 85 డెసిబెల్స్ ధ్వనిని ఎనిమిది గంటల వరకు భరించవచ్చని, ఆపై పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ గడువు సగానికి పడిపోతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది పదిహేను నిమిషాలే, పంక్ ప్రదర్శనల్లో ఆ స్థాయి మామూలే. సంగీతకారులు వాడే ఇయర్‌ప్లగ్స్ ఇరవై ముప్పై డాలర్లకు దొరుకుతాయి, అవి అన్ని స్వరాలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి కనుక పాట మసకబారదు. అవి లేకపోతే ఫోమ్‌తో చేసిన మామూలువైనా సరే పెట్టుకోండి.

పంక్ ప్రదర్శనలో వేదిక ముందు కొంత మేర జనం ఒకరినొకరు తోసుకుంటూ గుండ్రంగా తిరుగుతారు, దాన్ని పిట్ అంటారు. బయటి నుంచి చూస్తే కొట్లాటలా కనిపించినా దానికీ కట్టుబాట్లున్నాయి. ఎవరైనా కింద పడితే చుట్టూ ఉన్నవారు వెంటనే ఆగి లేపుతారు, కావాలని ఎవరినీ కొట్టరు. అందులోకి దిగడం ఇష్టం లేకపోతే గది పక్క గోడ దగ్గరో, సౌండ్ ఇంజనీరు బల్ల ముందో నిలబడండి. ధ్వని బాగా కుదిరేది కూడా ఆ బల్ల దగ్గరే. కాలి వేళ్లు కప్పే బూట్లు వేసుకోండి, బ్యాగు తీసుకురాకండి, కళ్లద్దాలుంటే తాడు కట్టుకోండి.

గిల్మన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1986 డిసెంబరు 31న మొదటి ప్రదర్శన జరిగిన ఈ క్లబ్బును స్వచ్ఛందంగా పనిచేసేవారే నడుపుతారు. మద్యం ఉండదు, అన్ని వయసులవారూ రావచ్చు. హింసకూ, జాతి వివక్షకూ, స్త్రీలను కించపరచడానికీ తావు లేదని అక్కడి నియమాలు స్పష్టంగా చెబుతాయి. గ్రీన్ డే అనే పేరున్న పంక్ బృందం ఇక్కడే ఎదిగింది. పెద్ద రికార్డింగ్ కంపెనీలతో ఒప్పందం ఉన్న బ్యాండ్లను రానివ్వకూడదన్న నియమం వల్ల, అటువంటి ఒప్పందం చేసుకున్నాక ఏళ్ల తరబడి ఆ వేదికకు దూరమై, మళ్లీ 2015లో వచ్చి వాయించింది. తెల్ల చొక్కా, ఫార్మల్ ప్యాంటుతో ఆఫీసు నుంచి నేరుగా వెళ్లినా అక్కడ ఎవరూ వింతగా చూడరు.

వెనుక టీషర్టులు, రికార్డులు అమ్మే బల్ల దగ్గర తరచుగా బ్యాండు సభ్యులే కూర్చుంటారు. ఊరూరూ వ్యానులో తిరిగే చిన్న బృందాలకు పెట్రోలు ఖర్చు చాలావరకు ఆ బల్ల దగ్గరి అమ్మకాలతోనే వస్తుంది కనుక, నచ్చితే ఏదో ఒకటి కొనండి. కార్డు తీసుకోని చోట్లూ ఉంటాయి, నలభై డాలర్ల నగదు దగ్గర ఉంచుకోండి. వాయించిన పాట గురించి నేరుగా వారినే అడగండి, సంతోషంగా చెబుతారు.

తిరుగు ప్రయాణం ముందే చూసుకోండి. బర్కిలీ, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో నడిచే బార్ట్ రైళ్లు అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతాయి. మద్యం తీసుకుంటే కారు నడపవద్దు. ఇక్కడ వీసా మీద ఉన్నవారికి తాగి నడిపిన కేసులో అరెస్టు ఒక్కటే చాలు, వీసా రద్దయ్యే ప్రమాదం ఉంది. స్నేహితులతో కలిసి వెళ్తే ఎవరు తాగకుండా బండి నడపాలో బయలుదేరేముందే తేల్చుకోండి.