బడి క్విజ్‌లో ఎవరిని, ఎలా తప్పించాలి

మా బడిలో క్విజ్ నేనే నడుపుతాను. పిల్లలు ఒకరినొకరు ఓటేసి బయటికి పంపే పద్ధతి మాత్రం పెట్టకండి. 2000లో బీబీసీలో మొదలైన ‘ది వీకెస్ట్ లింక్’ అనే టీవీ క్విజ్‌లో అదే పద్ధతి. చివరి రౌండ్లకు వచ్చేసరికి, బాగా ఆడేవాళ్లనే భయపడి పంపేసే వీలుంది. పదేళ్ల పిల్లకు అలా జరిగితే చాలా అన్యాయం.

మార్కులతోనే తప్పించండి. మొదటి రౌండులో ఎవరినీ తీసేయొద్దు, టెన్షన్ కాస్త తగ్గాలి. అందరికీ సమానంగా ప్రశ్నలు పడ్డాకే లెక్క చూడండి. ప్రశ్నల చీటీలను కష్టాన్ని బట్టి మూడు డబ్బాల్లో వేసి, ఒక్కో రౌండుకు ఒక్క డబ్బాలోంచే తీయించండి. లేకపోతే ఒకరికి తెలంగాణ రాజధాని, ఇంకొకరికి మూడో పానిపట్టు యుద్ధం జరిగిన ఏడాది పడతాయి!

మార్కులు సమానమైతే ఇద్దరికీ ఒకే ప్రశ్న వేసి, పలకల మీద ఒకేసారి రాయించండి. తప్పుకున్న పిల్లలకు మార్కుల కాగితం అప్పుడే చూపించండి.