పెళ్ళయ్యాక కొత్త జంటకు ఒక్క రోజు విశ్రాంతి: శ్రీకాకుళంలో ఎలా ఏర్పాటు చేయాలి?

మన వైపు చాలా పెళ్ళి ముహూర్తాలు రాత్రిపూటే పడతాయి. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అరుంధతీ దర్శనం అన్నీ అయ్యేసరికి తెల్లారిపోతుంది. కళ్ళు మూతలు పడుతుండగానే అప్పగింతలు, ఆ వెంటనే కారెక్కి అత్తారింటి గుమ్మంలో హారతి, మర్నాడు సత్యనారాయణ వ్రతం, సాయంత్రం రిసెప్షన్. వచ్చిన ప్రతి చుట్టానికీ నవ్వుతూ దండం పెట్టాలి. ఇన్ని రోజుల్లో ఆ ఇద్దరూ స్థిమితంగా నాలుగు మాటలు మాట్లాడుకునే తీరికే దొరకదు. వాళ్ళకు ఒక రోజంతా ఖాళీగా ఇవ్వడం కన్నా మంచి చదివింపు లేదని నా గట్టి నమ్మకం.

అయితే ఆ రోజును వాళ్ళంతట వాళ్ళు ఏర్పాటు చేసుకోలేరు. కొత్త కోడలు అత్తగారి దగ్గరకెళ్ళి "రేపు మేం ఏ పనికీ రాం అత్తయ్యా" అని ఎలా అనగలదు? అక్కో, వదినో, బావగారో పూనుకుని ఆ మాట అనాలి. ఇది వాళ్ళ కోసమే రాస్తున్నాను.

1. రోజు ముందే ఖాయం చేయండి

శుభలేఖలు పంచే సమయంలోనే పంతులుగారిని అడిగి వ్రతం ఎప్పుడో, కంకణాలు ఎప్పుడు విప్పుతారో తెలుసుకోండి. అవి అయిన మర్నాడు విశ్రాంతికి బాగుంటుంది. ఆ రోజు మంగళవారం అయితే ఇంట్లో పెద్దవాళ్ళు ప్రయాణం వద్దనొచ్చు. వాదన పెట్టుకోకుండా బుధవారానికి మార్చేయండి. అరసవల్లి వెళ్ళాలనుకుంటే ఆదివారం వద్దు. సూర్యనారాయణస్వామి గుడి కదా, ఆ రోజు జనం విపరీతం.

2. రెండిళ్ళ వాళ్ళకూ చెప్పండి

ఇక్కడే చాలా ఏర్పాట్లు చెడిపోతాయి. ఒక ఇంటికి చెప్పి ఇంకో ఇంటికి చెప్పకపోతే "మాకు తెలియకుండా ఎక్కడికో పంపేశారట" అని మాటలొస్తాయి. వియ్యపురాళ్ళిద్దరికీ ఒకేసారి, ఒకే మాటగా చెప్పండి. ఆ రోజు భోజనానికి పిలిచే మేనత్తలనూ పిన్నులనూ మరో రోజుకు ఒప్పించండి. జంట ఫోన్లకు వచ్చే కాల్స్ మాట్లాడే బాధ్యత ఒకరికి అప్పగించండి. పెళ్ళికి రాలేకపోయిన వాళ్ళంతా ఫోన్ చేసేది ఆ రెండు మూడు రోజుల్లోనే.

3. తలుపు తట్టకండి

ఎనిమిదైనా, పదైనా లేవనివ్వండి. కాఫీ పట్టుకెళ్ళే నెపంతో కూడా ఎవరూ వెళ్ళకూడదు. ఇల్లంతా చుట్టాలతో నిండి ఉంటే ఆ ఒక్క పూటకు జంటకు మేడ మీద గదో, ఊళ్ళో ఒక హోటల్ గదో చూడండి.

4. తలా కాళ్ళూ చూడండి

పెళ్ళికూతురి తల నిండా పిన్నులుంటాయి. జడకు కట్టిన పూలు వాడి, హెయిర్ స్ప్రేతో జుట్టు అట్టగట్టి, దువ్వెన పెడితే కుదుళ్ళు లాగేస్తుంది. అక్కో పిన్నో వెనక కూర్చుని, వేళ్ళతో వెతికి ఒక్కొక్క పిన్నూ తియ్యాలి. గోరువెచ్చని కొబ్బరినూనె పట్టించి అరగంట ఆగి కుంకుడురసంతో తలంటితే ఆ పిల్ల ముఖంలో తేడా మీకే కనిపిస్తుంది. కొత్త మట్టెలు ఒరుసుకుని కాలివేళ్ళు ఎర్రగా కందిపోతాయి. మట్టెల కింద కొబ్బరినూనె రాయండి. మరీ బిగుతుగా ఉంటే కంసాలి చేత వదులు చేయించండి. పెళ్ళికొడుక్కీ తలంటు పోయండి, అతనూ నిలబడీ కూర్చునీ నడుము పట్టేసిన మనిషే.

5. తేలికైన తిండి

బూరెలు, పులిహోర, బిర్యానీ వరసగా తిన్న కడుపులవి. వేసవి పెళ్ళయితే పొద్దున్న చల్లటి చోడంబలి (రాగి అంబలి), పక్కన ఉల్లిపాయ. మధ్యాహ్నం పప్పుచారు, ఒక కూర, పెరుగన్నం చాలు. తాటిముంజలు దొరికే రోజులైతే తెప్పించండి. "కొత్త అల్లుడికి ఇదేం భోజనం" అని ఎవరైనా నొచ్చుకుంటే ఆ మర్యాదలన్నీ మర్నాటి నుంచి చేయమనండి.

6. ఒక్క చోటికే పంపండి

అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం అన్నీ ఒక్క రోజులో చుట్టేయాలని మనవాళ్ళకు ఆశ. దానివల్ల మళ్ళీ అలసటే. నా మటుకు కళింగపట్నం బీచ్‌కే ఓటు. ఊరి నుంచి 30 కిలోమీటర్ల లోపే. వంశధార అక్కడే సముద్రంలో కలుస్తుంది. ఒకప్పటి ఓడరేవు కాబట్టి లైట్‌హౌస్ కూడా ఉంది. నాలుగు గంటలకు బయల్దేరితే ఎండ తగ్గే వేళకు చేరతారు. నీళ్ళు కాళ్ళకు తగిలేంత వరకే వెళ్ళమని చెప్పండి. నది కలిసే చోట లోతూ లాగుడూ పైకి తెలియవు, అటు మాత్రం దిగకూడదు.

వాళ్ళకు చరిత్ర మీద ఇష్టం ఉంటే, అదీ చలికాలమైతే, దానికి బదులు శాలిహుండం కొండ మంచిది. పైన బౌద్ధుల ఇటుక స్తూపాల శిథిలాలు, కింద వంశధార. గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో ఈ చోటును వెలుగులోకి తెచ్చారు. కొండ ఎక్కాలి కాబట్టి కాళ్ళు బాగుంటేనే.

పెద్దవాళ్ళు దర్శనం తప్పదంటే, ఆ దారికి దగ్గర్లోనే ఉన్న శ్రీకూర్మం చాలు. స్వామి కూర్మరూపంలో ఉండే అరుదైన గుడి. ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను పెంచుతారు, వాటిని చూస్తూ కాసేపు కూర్చోవచ్చు. గుడి తెరిచే వేళ ముందే కనుక్కోండి.

7. బయల్దేరే ముందు

పసుపుతాడు, నల్లపూసలు తప్ప మిగతా బంగారం బీరువాలో పెట్టించండి. పట్టుచీర వద్దు, పొందూరు నూలు చీర హాయిగా ఉంటుంది. తెలిసిన డ్రైవర్‌ను పంపండి. పిల్లల్ని మాత్రం వెంట పంపకండి, ఎంత ఏడ్చినా సరే. కెమెరా మనిషి కూడా అక్కర్లేదు, ఫోటోలు ఇప్పటికే వేలల్లో ఉన్నాయి.

8. తిరిగొచ్చాక

ఎనిమిదింటికల్లా ఇల్లు చేరాలి. గుమ్మంలో దిష్టి తీసి లోపలికి పంపండి, ఎక్కడికెళ్ళారు, ఏం మాట్లాడుకున్నారు అని చుట్టూ మూగకండి. వేడి ఉప్మా, మజ్జిగ చాలు. మర్నాడు అమ్మాయి పుట్టింటికి ప్రయాణం ఉంటే కారు ఎన్నింటికొస్తుందో అప్పుడే చెప్పేసి, సారె బుట్టలు సర్దే పని మీరే చూసుకోండి.