వానలు ముదరకముందే ఇంటిని ఎలా భద్రం చేసుకోవాలి?

కోనసీమలో ఇంటి ముందు పంట కాలువ, వెనక బోదె. గోదావరి పొంగితే లంకల్లో నీళ్లు గడప దాకా వస్తాయి. నీళ్లతో పాటు పాములొస్తాయి, తడిసిన గోడలకు కరెంటు పాకుతుంది. అందుకే జూన్‌లోనే ఒక రోజు ఈ పనికి పెట్టుకోండి.

ముందు కరెంటు. మెయిన్ బోర్డులో 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. మనిషి ఒంట్లోంచి కరెంటు భూమిలోకి పోతుంటే రెప్పపాటులో సప్లై ఆపేది అదే. మామూలు ఫ్యూజు ఆ పని చేయదు. ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి, టక్కున పడిపోవాలి. బట్టలారేసే ఇనప తీగ తీసేసి నైలాన్ తాడు కట్టండి. తడి చేతులతో రోజూ ఆ తీగ పట్టుకునేది ఇంట్లో ఆడవాళ్లే.

తర్వాత పెరడు. కొబ్బరి డొక్కలు, మట్టలు గోడకి ఆనించి పోగెయ్యకండి. అందులో ఎలుకలు చేరతాయి, వాటి కోసం పాము వస్తుంది. ఓసారి మా డొక్కల కుప్ప కదిపితే అడుగున కట్లపాము చుట్టుకుని ఉంది. నల్లటి ఒంటి మీద సన్నటి తెల్ల కట్లు. పగలు కాబట్టి మందకొడిగా పడుంది. రాత్రిళ్లు ఇంట్లోకి దూరి నేల మీద పడుకున్నవాళ్లని కాటేసేది ఇదే. కాటు నొప్పి పెద్దగా తెలియదు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతుంటే అనుమానించాల్సిందే. పిల్లల్నీ పెద్దవాళ్లనీ మంచం మీదే పడుకోబెట్టండి, దోమతెర అంచులు పరుపు కిందకి దోపండి. కాటు పడితే కోయడం, బిగించి కట్టడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. పాము విషానికి విరుగుడు సూది దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉందో ఇవాళే కనుక్కుని, ఆ పేరు గోడ మీద రాసిపెట్టుకోండి.

చిన్నపిల్లలుంటే కాలువ వైపు దడి కట్టండి, నీళ్ల గోళేనికి మూత పెట్టండి. పురుగుమందు కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచడం మాత్రం ఈరోజే మానేయండి.

చివరగా వరద. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు మూడోదాని కోసం ఆగరు. లంకలో ఉంటే మొదటి హెచ్చరికకే కాగితాలు, బీపీ-షుగర్ మందులు సంచిలో సర్దండి. రెండోదానికల్లా ముసలివాళ్లనీ గర్భిణుల్నీ గట్టుకి చేర్చండి. బయల్దేరేముందు గ్యాస్ రెగ్యులేటర్ ఊడదీసి, సిలిండర్ తేలిపోకుండా తాడుతో కట్టండి. కాళ్లు తడవకముందే మెయిన్ దించేయండి. నీళ్లు తీశాక వైరింగ్ ఆరి, ఎలక్ట్రీషియన్ చూసి సరేననేదాకా స్విచ్ ముట్టుకోవద్దు.