పనిచేసే ఆస్పత్రిలోనే కాన్పా? నర్సులు ముందుగా తేల్చుకోవలసిన విషయాలు

లేబర్ రూమ్ సిస్టర్ గర్భవతి అని తెలిసిన వారంలోపే వార్డులో అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇక్కడే చేయించుకుంటావా, పుట్టింటికి వెళ్తావా?" అడిగేవాళ్లు ప్రేమతోనే అడుగుతారు. కానీ మొహమాటానికి పోయి అప్పటికప్పుడు అనేసిన "ఇక్కడేలెండి" అన్న మాటే చాలామందికి చివరి నిర్ణయంగా మిగిలిపోతుంది. నా మొదటి కాన్పు నేను పనిచేస్తున్న ఆస్పత్రిలోనే, రెండోది అమ్మావాళ్ల ఊరి దగ్గరి పెద్దాస్పత్రిలో జరిగింది. రెండుసార్లూ తల్లీబిడ్డలం క్షేమంగానే బయటపడ్డాం. అయితే నేను ఆలోచించి నిర్ణయించుకున్నది రెండోసారే; మొదటిసారి నా చేత నిర్ణయం తీసుకున్నది మొహమాటం.

ఐదో నెల స్కానింగ్ రిపోర్టు చేతికి వచ్చాక ఆలోచన మొదలుపెట్టి, ఏడో నెల నిండేలోపు తేల్చుకోవడం మంచిది. మన ఇళ్లల్లో సీమంతం, ఆ తర్వాత పుట్టింటి ప్రయాణం ఎలాగూ ఆ రోజుల్లోనే వస్తాయి. ఆస్పత్రి మారదలచుకుంటే కొత్త డాక్టరు కనీసం మూడు నాలుగుసార్లు చూసి, పాత రిపోర్టులన్నీ తమ ఫైలులో ఎక్కించుకోవడానికి వ్యవధి ఉండాలి. తొమ్మిదో నెలలో ఫైలు చంకన పెట్టుకుని కొత్త ఆస్పత్రి గుమ్మం ఎక్కే గర్భిణిని చూసి మనం ఎంత విసుక్కుంటామో మనకు తెలియనిది కాదు.

ముందుగా చూడవలసింది మీ ఆస్పత్రిలో రాత్రి రెండు గంటల పరిస్థితి. మత్తు డాక్టరు లోపలే ఉంటారా, ఫోన్ చేస్తే ఇంటి నుంచి వస్తారా, వస్తే ఎన్ని నిమిషాలు పడుతుంది, బ్లడ్ బ్యాంకు ఆవరణలోనే ఉందా లేక ఎవరో ఒకరు బండి వేసుకుని ఊళ్లోకి వెళ్లాలా, బిడ్డ ఏడవకపోతే పిల్లల డాక్టరు ఎంతసేపట్లో అందుతారు అన్న ప్రశ్నలకు బయటివాళ్లకు రిసెప్షన్‌లో దొరికే జవాబు వేరు, ఫోన్ చేతిలో పట్టుకుని కారిడార్‌లో నిలబడిన మీకు తెలిసిన జవాబు వేరు. మీ కళ్ల ముందు జరిగిన చివరి మూడు ఎమర్జెన్సీలను గుర్తు చేసుకుని, ఆ టేబుల్ మీద మీరే ఉంటే ఆ జాప్యం మీకు సమ్మతమేనా అని ఆలోచించండి. కాన్పు తర్వాత రక్తస్రావం ఐదు వందల మిల్లీలీటర్లు దాటితే ప్రమాదంగా లెక్కిస్తాం. రక్తస్రావాన్ని అదుపు చేసే ట్రానెక్సామిక్ యాసిడ్ మూడు గంటల్లోపు పడాలన్నది మనందరికీ వచ్చిన పాఠమే. ఆ ఇంజెక్షన్ ఏ కప్‌బోర్డులోనైనా దొరుకుతుంది. అది పనిచేయనప్పుడు కావలసిన రక్తమూ, థియేటరూ, చెయ్యి తిరిగిన డాక్టరూ మాత్రం అన్నిచోట్లా ఉండరు. అందుచేత పీహెచ్‌సీలోనో చిన్న నర్సింగ్ హోమ్‌లోనో పనిచేసేవారికి గతంలో సిజేరియన్ అయి ఉన్నా, బీపీ పెరుగుతున్నా, కవలలున్నా, మాయ కిందికి ఉన్నా, నెగటివ్ గ్రూపు రక్తమైనా ఇక ఆలోచించవలసింది లేదు, పెద్దాస్పత్రికే వెళ్లాలి.

ప్రభుత్వ ఆస్పత్రుల్లో పనిచేసేవారికి ఇంకో ఒత్తిడి ఉంటుంది. 2021లో భద్రాద్రి కొత్తగూడెం కలెక్టర్ భార్య భద్రాచలం ప్రభుత్వాస్పత్రిలో ప్రసవించినప్పుడు పత్రికలన్నీ రాశాయి, మెచ్చుకున్నాయి, మెచ్చుకోవలసిన విషయమే. స్టాఫ్ నర్సు అక్కడే కంటే ఎవరూ రాయరు గానీ, "నువ్వూ ఇక్కడే కన్నావా సిస్టరూ?" అని రోగులు మాత్రం అడుగుతారు, ఆ జవాబును బట్టి ధైర్యం తెచ్చుకుంటారు. ఆ ధైర్యం ఇవ్వగలిగితే సంతోషమే. అయినా నలుగురికి ఆదర్శంగా నిలబడడం కోసమే ఆస్పత్రిని ఎంచుకోవాలన్న నియమమేమీ లేదు.

తర్వాతది సిజేరియన్ లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద కాన్పుల్లో 21.5 శాతం సిజేరియన్లయితే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం, తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో అది 81.5 శాతం. మీ ఆస్పత్రి సంగతి తెలుసుకోవడానికి సర్వేలు అక్కర్లేదు, లేబర్ రూమ్ రిజిస్టరు మీ బల్ల మీదే ఉంటుంది. తొలి కాన్పు, ఒకే బిడ్డ, తల కిందికి ఉంది, నెలలు నిండాయి, నొప్పులు వాటంతటవే వచ్చాయి అన్న కేసులు గడచిన మూడు నెలల్లో ఎన్ని వచ్చాయో, వాటిలో ఎన్ని థియేటరుకు వెళ్లాయో పేర్లతో పనిలేకుండా లెక్క మాత్రం చూడండి. ముహూర్తాల కోసం జరిగినవెన్నో, సాయంత్రం ఆరులోపు ముగించడానికి జరిగినవెన్నో కూడా మీకే తెలుస్తుంది. సొంత మనుషులం కదా అని డాక్టరుగారు మనకు ఒక సౌకర్యం చూపిస్తారు: "నా డ్యూటీ రోజునే పెట్టేసుకుందాం, నేనే దగ్గరుండి చూసుకుంటాను." ఆ మాటలో ఆప్యాయత ఉన్న మాట నిజమే గానీ, వైద్య కారణం లేకుండా నొప్పులు తెప్పించడం మామూలు పేషెంటుకు ఎంత అనవసరమో మనకూ అంతే అనవసరం. తెలంగాణలో 2017లో మొదలైన శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు కొన్ని ప్రభుత్వ ఆస్పత్రుల్లో సాధారణ కాన్పులు చూస్తున్నారు; అలాంటి చోటు మీకు అందుబాటులో ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోండి.

ఇక అసలు ఇబ్బంది గోప్యత దగ్గర వస్తుంది. లేబర్ రూమ్ బోర్డు మీద పేరు పక్కన ఎన్నో గర్భం, ఎన్ని కాన్పులు, ఎన్ని అబార్షన్లు అన్నది పొడి అక్షరాల్లో రాస్తాం. మనకు అది ఒక చూపులో అయిపోయే సమాచారం. అదే బోర్డు మీద మన పేరు పక్కన "జీ2 ఏ1" (రెండో గర్భం, ఒక అబార్షన్) అని కనబడితే, పెళ్లయిన కొత్తలో జరిగినదీ, అత్తగారికి కూడా చెప్పనిదీ డ్యూటీ మారేలోపు మూడు షిఫ్టులకూ తెలిసిపోతుంది. హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షల ఫలితాలు, థైరాయిడ్ మందులు, పిల్లల కోసం తీసుకున్న చికిత్స అన్నీ ఆ కేస్ షీట్‌లోనే ఉంటాయి, దానిని తెరిచే చేతులన్నీ రేపు మీతో కలిసి టీ తాగేవారివే. కాబట్టి మీ ఆస్పత్రినే ఎంచుకుంటున్నారంటే హెడ్ నర్సుతో ముందుగానే మూడు మాటలు స్పష్టంగా మాట్లాడుకోండి: బోర్డు మీద పేరు బదులు బెడ్ నంబరు మాత్రమే ఉండాలి, కేస్ షీట్ ఆ షిఫ్టులో మిమ్మల్ని చూసే సిస్టర్ దగ్గరే ఉండాలి, స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో మీ అనుమతి లేకుండా ఫొటో గానీ, "ఫలానా సిస్టర్‌కు బాబు" అన్న వార్త గానీ పడకూడదు. గోప్యత పేషెంటు హక్కు. స్టాఫ్ అయినంత మాత్రాన ఆ హక్కు పోదు. మిమ్మల్ని ఎవరు లోపలి పరీక్ష చేయాలో, ఎవరు చేయకూడదో చెప్పే హక్కూ మీకుంది. హాస్టల్లో ఒకే గదిలో ఉన్న బ్యాచ్‌మేట్ చేత చేయించుకోవడం కొందరికి ధైర్యం, కొందరికి జన్మంతా మరచిపోలేని సిగ్గు. ఇందులో తప్పొప్పులు లేవు, ముందుగా చెప్పకపోవడమే తప్పు.

స్కానింగ్ గది సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తెలిసినవాళ్లు కదా అని పాపా బాబా అని సైగతోనైనా అడగకండి. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం చెప్పడం నేరం, అడగడమూ నేరమే. మీ సరదా వల్ల అక్కడివారి రిజిస్ట్రేషన్ పోతుంది.

సొంత ఆస్పత్రిలో పేషెంటుకు ఎదురయ్యే మరో ప్రమాదం ఒక మర్యాద మాటలో దాగి ఉంటుంది: "మీకు తెలియనిదేముంది సిస్టర్." ఈ ఒక్క మాటతో సమ్మతి పత్రం చదివి వినిపించడం, పాలు పట్టే పద్ధతి చూపించడం, ఇంటికి వెళ్లాక ఏ లక్షణాలు కనబడితే వెంటనే రావాలో చెప్పడం అన్నీ ఎగిరిపోతాయి. గంట గంటకూ చూడవలసిన బీపీని "నిద్రపోనిద్దాం పాపం" అని వదిలేస్తారు. నేను రెండోసారి వెళ్లిన చోట అడ్మిషన్ రోజునే, "నేను నర్సునే గానీ ఇప్పుడు నాకేమీ తెలియదనుకుని అన్నీ చెప్పండమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, మొదటి నుంచీ చెప్పింది. అందులో రెండు విషయాలు నేను నిజంగానే మరచిపోయి ఉన్నాను.

మొదటి కాన్పు నాటి ఒక ముచ్చట చెబుతాను. గర్భసంచి మూతి ఎనిమిది సెంటీమీటర్లు తెరుచుకుంది, నొప్పికి నొప్పికి మధ్య ఊపిరి కూడా అందడం లేదు. అప్పుడు తలుపు తోసుకుని వచ్చిన జూనియర్ సిస్టర్, "అక్కా, ఏమీ అనుకోకు, డేంజరస్ డ్రగ్స్ కప్‌బోర్డ్ తాళంచెవి ఎక్కడ పెట్టావు?" అని అడిగింది. నేను చెప్పాను కూడా: "రెండో సొరుగులో, కాటన్ డబ్బా వెనకాల." ఆ క్షణాన నేను పేషెంటునా, ఇన్‌ఛార్జినా అన్నది ఆమెకే కాదు, నాకూ తెలియలేదు. అంతకుముందు గంటసేపూ బిడ్డ గుండె గ్రాఫ్ వైపే మెడ తిప్పి చూస్తూ, గీత కాస్త కిందికి దిగినప్పుడల్లా డాక్టరు కన్నా ముందు నేనే భయపడుతూ పడుకున్నాను. గట్టిగా అరవాలనిపించినా అరవలేదు. అంతకు వారం ముందే అదే గదిలో ఒక పేషెంటును "అంత అరవకమ్మా" అన్న గొంతు నాదే మరి. మీరు ఎంచుకునే చోట నోరు తెరిచి అరవగలరా, ఏడవగలరా అన్నది ఒకసారి నిజాయితీగా ఆలోచించుకోండి. భద్రతలో రెండు ఆస్పత్రులూ సమానమైతే నా లెక్కలో తూకం తేల్చవలసింది అదే. మీ ఆస్పత్రిలోనే కనాలని తేల్చుకుంటే మానిటర్‌ను గోడవైపు తిప్పించండి, శబ్దం తగ్గించమనండి.

తోడుగా ఎవరుండాలో కూడా ముందే మాట్లాడుకోండి. స్టాఫ్ ఇంతమందిమి ఉన్నాం కదా అని అమ్మనో అక్కనో బయట కూర్చోబెట్టడం మామూలుగా జరుగుతుంది. సహోద్యోగులు ఎంతమంది ఉన్నా వారికి పక్క బెడ్ పేషెంటు పిలుపూ ఉంటుంది. అమ్మకు ఉండదు.

వేరేచోటికి వెళ్లాలని తేల్చుకున్నవారికి కారణం వెతుక్కోవలసిన పని లేదు, పుట్టిల్లు అన్న మాట ఉండనే ఉంది. "అమ్మ దగ్గరుంటే కుదురుగా ఉంటుంది మేడమ్" అంటే ఏ డాక్టరూ నొచ్చుకోరు. ఎవరి ద్వారానో వినకముందే మీరే చెప్పడం మర్యాద. చెప్పిన రోజునే రికార్డుల నకళ్లు అడిగి తీసుకోండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనల్లో ఉంది.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. స్టాఫ్ కన్సెషన్ అన్న మాటను కాగితం మీద చూసుకోండి. గదికా, మందులకూనా, సిజేరియన్ అయితే ఎంత, బిడ్డను ఐసీయూలో పెడితే వర్తిస్తుందా అన్నవి విడివిడిగా రాసి ఉండాలి. చివరిదే బిల్లును పెంచుతుంది, సాధారణంగా కన్సెషన్‌లో లేనిదీ అదే. కన్సెషన్ ఇచ్చాం కాబట్టి త్వరగా డ్యూటీకి రావాలని ఎవరన్నా వినవలసిన పని లేదు. మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చింది. అందులో కాన్పుకు ముందు ఎనిమిది వారాల వరకు వాడుకోవచ్చు. అంతకు ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. కాన్పయిన ఆరు వారాల్లోపు పనిలో పెట్టుకోవడం చట్టవిరుద్ధం. మీరు ఎక్కడ కన్నా ఈ సెలవు మారదు.

ఇక్కడే కనాలనుకున్నవారు సెలవు మొదలయ్యే రోజున ఒక పని తప్పకుండా చేయండి. తాళంచెవులు, స్టాక్ రిజిస్టరు, స్టోరు నుంచి సామాను తెప్పించుకునే ఇండెంట్ బుక్కు ఎవరికి అప్పగించారో హ్యాండోవర్ పుస్తకంలో రాసి, తీసుకున్నవారి చేత సంతకం పెట్టించండి. ఆ పేజీ ఫొటో తీసి లేబర్ రూమ్ తలుపు లోపలివైపు అంటించినా తప్పులేదు.