ఇలియడ్ చదవబోతున్నారా? ఏ వస్తువు ఎవరి చేతికి పోతోందో చూడండి

ఇలియడ్ అంటే ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన ప్రాచీన గ్రీకు కావ్యం. దాన్ని మొదటిసారి చదివినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "బందీగా తెచ్చుకున్న ఒక స్త్రీని లాక్కున్నారని అకిలీస్ అలిగాడు. తనవాళ్లు చస్తున్నా గుడారంలోంచి కదల్లేదు. ఇతను వీరుడెలా అవుతాడు?" అకిలీస్ ట్రాయ్ మీదికి వచ్చిన గ్రీకు సైన్యంలో మేటి యోధుడు, కాబట్టి న్యాయమైన ప్రశ్నే. ఆ దొరల లోకంలో గౌరవం కంటికి కనిపించాలి, చేతికి అందాలి. విందులో మంచి మాంసం, పొలం, కంచు గంగాళం, గుర్రం, చివరికి చెరపట్టిన మనిషి కూడా గౌరవానికి కొలతే. ఆ లెక్క తెలియకుండా చదివితే అకిలీస్ మొండివాడిలాగే కనిపిస్తాడు. అందుకే మొదటి పేజీ నుంచి మొదలుపెట్టొద్దని చెబుతాను.

మొత్తం 24 సర్గలు. ముందు 12వ సర్గలో సార్పెడాన్ మాటలు చదవండి. ఇతను ట్రాయ్‌కి సాయంగా లిసియా నుంచి వచ్చిన రాజు. గ్రీకుల గోడ మీదికి దూకబోయే ముందు మిత్రుడు గ్లాకస్‌ని అడుగుతాడు: మన దేశంలో మనకు ముందు వరస పీటలు, మంచి మాంసం, నిండు పాత్రలు ఎందుకిస్తున్నారు? క్సాంథస్ నది ఒడ్డున తోటలు, గోధుమ పొలాలు మనకెందుకు దక్కాయి? జవాబు కూడా తనే చెబుతాడు. మన రాజులు ఊరికే తినడం లేదు, ముందు నిలబడి పోరాడుతున్నారు అని లిసియా సైనికులు అనుకోవాలి. ఇక్కడి వరకు ఇది దొరతనానికీ యుద్ధానికీ మధ్య ఒప్పందం. తర్వాతి మాట దగ్గర ఆగండి. ఈ యుద్ధం తప్పించుకుంటే ముసలితనం, చావు లేకుండా బతికేస్తామంటే నేనూ ముందుకెళ్లను, నిన్నూ పంపను అంటాడు. చావు ఎలాగూ తప్పదు కాబట్టి, పద. దేవతలకు చావు లేదు కాబట్టి ఈ ధైర్యం వాళ్లకు చేతకాదు. ఇంతకంటే సూటిగా వీరధర్మం చెప్పిన చోటు ఈ కావ్యంలో నాకు మరొకటి కనిపించలేదు.

ఇప్పుడు ఒక నోట్‌బుక్ తీసుకుని 1వ సర్గకు రండి. పేజీకి నడిమధ్య గీత గీసి, ఒకవైపు ఎవరు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు అని, రెండోవైపు ఎవరెవరు చూస్తుండగా అని రాసుకోండి. ఆ బందీ స్త్రీ పేరు బ్రిసేయిస్. ఆమెను అకిలీస్‌కి ఇచ్చింది సైన్యమంతా కలిసి. గ్రీకుల సేనాధిపతి అగమెమ్నాన్ ఆమెను లాక్కుంటానని చెప్పిందీ అదే సైన్యం ఎదుట. రెండో వరస నిండేసరికి కోపం ఎంత లోతుదో అర్థమవుతుంది. బ్రిసేయిస్‌ని ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. 19వ సర్గలో అకిలీస్ ప్రాణమిత్రుడు పాట్రోక్లస్ శవం మీద పడి ఆమె ఏడ్చే చోటు మాత్రం దయచేసి వదలకండి.

2వ సర్గలో థెర్సిటీస్ అనే సైనికుడు లేచి, అగమెమ్నాన్ గుడారంలో కంచు, స్త్రీలు నిండిపోయారని తిడతాడు. ఇంచుమించు అకిలీస్ అన్న మాటలే. అతన్ని గ్రీకు దొర ఒడిస్సియస్ రాజదండంతో బాదితే వీపు మీద రక్తపు వాత తేలుతుంది, జనం నవ్వుతారు. ఆ దండం కమ్మరి దేవుడు హెఫాయిస్టోస్ చేసినది, దేవతల రాజు జ్యూస్ నుంచి చేతులు మారుతూ అగమెమ్నాన్‌కి వచ్చినది. ఒకే ఫిర్యాదు, ఇద్దరు మనుషులు, రెండు ఫలితాలు. దొరల విలువలు అంటే వీరత్వం ఒక్కటే కాదు, ఇదీ అందులో భాగమే.

9వ సర్గలో నోట్‌బుక్ లెక్క తలకిందులవుతుంది. అకిలీస్‌ని తిరిగి యుద్ధానికి రప్పించడానికి అగమెమ్నాన్ ఏడు మూడుకాళ్ల పాత్రలు, పది టాలెంట్ల (పాత గ్రీకు తూకం) బంగారం, ఇరవై గంగాళాలు, పన్నెండు గుర్రాలు, ఏడు నగరాలు, కూతురితో పెళ్లి, ఇంకా చాలా ఇస్తానంటాడు. అకిలీస్ వద్దంటాడు. పశువుల్ని కొల్లగొట్టి తెచ్చుకోవచ్చు, గుర్రాలు సంపాదించుకోవచ్చు, పళ్లు దాటి పోయిన ప్రాణం మాత్రం తిరిగి రాదు అంటాడు. సార్పెడాన్ మాటలు ముందే చదివి ఉంటే ఈ జవాబు ఎంత పెద్ద దెబ్బో తెలుస్తుంది.

ట్రాయ్ రాజకుమారుడు హెక్టర్ కోసం 6, 22 సర్గలు పక్కపక్కన పెట్టుకోండి. రెండింటిలోనూ అతన్ని గోడ లోపల ఉండిపోనివ్వనిది ఊరి జనం ఏమంటారోనన్న సిగ్గే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 23వ సర్గలో, పాట్రోక్లస్ అంత్యక్రియలప్పుడు అకిలీస్ పెట్టించిన రథాల పందెం. ఇరుకు దారిలో తెలివి చూపించి కుర్రవాడు ఆంటిలోకస్ అగమెమ్నాన్ తమ్ముడు మెనెలాస్‌ని దాటి రెండోవాడిగా వస్తాడు. బహుమతి చూడితో ఉన్న గుర్రం. రథం విరిగి ఆఖర్న వచ్చిన యుమేలస్ నిజానికి మేటి సారథి కదా, రెండో బహుమతి అతనికిద్దాం అంటాడు అకిలీస్. ఆంటిలోకస్ ఒప్పుకోడు, అకిలీస్ చిరునవ్వు నవ్వి యుమేలస్‌కి వేరే కవచం ఇప్పిస్తాడు. అప్పుడు మెనెలాస్ లేచి, గుర్రాల మీద చెయ్యి వేసి మోసం చేయలేదని ఒట్టు వెయ్యమంటాడు. ఆంటిలోకస్ ఒట్టు వెయ్యడు, నేను చిన్నవాణ్ని, గుర్రం నువ్వే తీసుకో అంటాడు. మెనెలాస్ మనసు కరిగి, గుర్రాన్ని తిరిగి అతనికే ఇచ్చేస్తాడు. 1వ సర్గలో జరగాల్సినది ఇక్కడ జరిగింది. ఇద్దరి గౌరవమూ నిలిచింది, ఎవరూ చావలేదు.

తర్వాత 24వ సర్గ, దాని వెంటే హోమర్ మరో కావ్యం ఒడిస్సీలో 11వ సర్గ చదవండి. చనిపోయిన వాళ్లందరికీ రాజుగా ఉండేకన్నా, భూమి లేని పేదవాడి దగ్గర కూలికి బతకడమే మేలని, అప్పటికి చనిపోయి మృతుల లోకంలో ఉన్న అకిలీస్ అందులో అంటాడు. ఆ పేజీ 9వ సర్గ పక్కన పెట్టి ఇంకోసారి చూసుకుని, అప్పుడు 1వ సర్గ నుంచి వరసగా మొదలుపెట్టండి. 2వ సర్గలో ఓడల జాబితా మొదటి విడతలో దాటేసినా పర్వాలేదు.