కాలి నరం దెబ్బతిన్నవాళ్లు వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకునే విధానం

మా నాన్న చెప్పుల జతలో ఎడమది ముందు అంచు పూర్తిగా అరిగిపోయింది, కుడిది మాత్రం బాగానే ఉంది. బండి మీద నుంచి పడి మోకాలి కింద ఎముక విరిగింది. కట్టు విప్పాక చూస్తే ఎడమ పాదం పైకి లేవడం లేదు. అడుగు వేసినప్పుడల్లా వేళ్లు నేలకు రాసుకునేవి, చెప్పు కాలికి నిలిచేది కాదు. తట్టుకోకుండా ఉండాలని మోకాలిని మెట్టెక్కుతున్నట్టు పైకెత్తి నడిచేవారు. దీన్నే ఫుట్ డ్రాప్ అంటారు. ఆయనకు సర్టిఫికెట్ కోసం తిరిగినప్పుడు మేం నేర్చుకున్నవి, ఆ తర్వాత మరికొందరికి దరఖాస్తు పెట్టించినప్పుడు తెలిసినవి ఇక్కడ రాస్తున్నాను.

మోకాలికి బయటివైపు, కాస్త కిందగా వేలితో నొక్కి చూడండి. గుండ్రటి ఎముక తగులుతుంది. దాని మెడను చుట్టుకునే కామన్ పెరోనియల్ నరం పాదం వైపు వెళ్తుంది. అక్కడ ఆ నరానికి పైన కండ లేదు, చర్మం మాత్రమే. అందుకే ఎముక విరిగినా, పిండికట్టు బిగుసుకున్నా, పొలంలో గంటల తరబడి గొంతుక్కూర్చుని పనిచేసినా ముందు దెబ్బతినేది అదే. కుష్టు వ్యాధి కూడా ఇదే నరాన్ని పట్టుకుంటుంది. పిరుదు మీద ఇంజెక్షన్ తప్పు చోట వేస్తే దెబ్బ సయాటిక్ నరానికి తగులుతుంది. చిన్నపిల్లల్లో ఇలా జరిగి, నడక మొదలయ్యే వయసులోనే పాదం పైకి లేవకుండా పోయిన పిల్లల కుటుంబాల బాధ చెప్పనలవి కాదు. తొడ ముందున్న ఫిమోరల్ నరం పోతే మోకాలు ఉన్నట్టుండి మడతపడుతుంది, మెట్లు ఎక్కాలంటే తొడ మీద చెయ్యి ఆనించాల్సిందే. టిబియల్ నరం పోతే మునివేళ్ల మీద నిలబడలేరు, అరికాలికి స్పర్శ తగ్గి పుండ్లు పడతాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సర్టిఫికెట్ ఇచ్చే డాక్టర్లు చూసేది మీ నొప్పి ఎంత ఉందని కాదు. ఏ కండరం ఎంత బలం కోల్పోయింది, దానివల్ల ఏ పని చేయలేకపోతున్నారు అన్నదే చూస్తారు. మీ కాగితాలు కూడా అదే చెప్పాలి.

ఎప్పుడు వెళ్లాలి

తొందరపడకండి. తెగిపోకుండా నలిగిన నరం మళ్లీ పెరుగుతుంది, కానీ రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున, అంటే నెలకు ఒక అంగుళం. మోకాలి దగ్గర దెబ్బతిన్న నరం పాదం దాకా రావాలంటే నెలలు పడుతుంది. కోలుకునే అవకాశం ఉంటే గడువు తేదీ వేసి తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు, ఇక మారదని తేలితేనే శాశ్వతం. నరాల పరీక్ష (ఎన్‌సీఎస్, ఈఎంజీ) కూడా దెబ్బ తగిలిన రెండో రోజే చేయిస్తే అసలు నష్టం పూర్తిగా కనబడదు. సాధారణంగా మూడు వారాలు దాటాక చేయిస్తారు. ఈలోగా ఫిజియోథెరపీ మానొద్దు. పాదాన్ని రోజూ చేత్తో పైకి వంచకపోతే మడమ వెనకున్న తాడులాంటి పట్టీ (టెండన్) బిగుసుకుపోతుంది, అప్పుడు నరం కోలుకున్నా పాదం లేవదు.

కాగితాలు

ఆధార్, ఫొటో, చిరునామా రుజువు, పనిచేస్తున్న ఫోన్ నంబర్, ఇవి అందరికీ తెలిసినవే. వైద్యం ఫైలులోనే పొరపాట్లు జరుగుతాయి. మా నాన్నకు మొదటిసారి ఒక ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో ఎముక విరిగిందని మాత్రమే ఉంది, నరం మాటే లేదు. సర్టిఫికెట్ కోసం పరీక్ష చేసే క్యాంపు నుంచి వెనక్కి పంపేశారు. రోజు కూలి పోగొట్టుకుని తోడొచ్చిన మా చిన్నాన్న ఆ సాయంత్రం ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కాబట్టి మీ డాక్టర్‌తో ఏ నరం, ఏ కాలు, ఎప్పటి నుంచి అన్నది స్పష్టంగా రాయించుకోండి. ఎక్స్‌రే, నరాల పరీక్ష రిపోర్టు, ఫిజియోథెరపీ రికార్డు తేదీల వారీగా పెట్టుకోండి. ఒరిజినల్స్‌తో పాటు జిరాక్సులు ఒక సెట్టు.

దరఖాస్తు

వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం దేశమంతా చెల్లే కార్డు యూడీఐడీ (వికలాంగుల విశిష్ట గుర్తింపు కార్డు). దానికి స్వావలంబన్ కార్డ్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. తెలంగాణలో 2025 నుంచి సదరం (రాష్ట్రం తరఫున వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి) స్థానంలో ఇదే నడుస్తోంది. ఇంట్లో చేసుకోలేకపోతే మీసేవ వాళ్లు నింపి పెడతారు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ లేదా వార్డు సచివాలయంలో, మీసేవలో సదరం స్లాట్ బుక్ చేస్తారు. స్లాట్లు తెరిచిన రోజునే అయిపోతుంటాయి, అందుకని సచివాలయంలో ముందే చెప్పి ఉంచండి.

ఫారంలో వైకల్యం రకం దగ్గర లోకోమోటర్ (కదలికకు సంబంధించినది) అని ఎంచుకోవాలి. కుష్టు వల్ల నరం పోయి, చికిత్స పూర్తయినవాళ్లకు జాబితాలో విడిగా ఒక రకం ఉంది, వాళ్లు అదే ఎంచుకోవాలి. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే. మీరుండే జిల్లా ఆసుపత్రినే కాదు, మీకు వైద్యం జరిగిన అధీకృత ఆసుపత్రిని కూడా ఎంచుకోవచ్చు. దరఖాస్తు అయ్యాక వచ్చే ఎన్‌రోల్‌మెంట్ నంబరును కాగితం మీద రాసి ఫైలులో పెట్టండి. ఫోన్ పోతే అదే దిక్కు.

పరీక్ష రోజు

లుంగీ గానీ మోకాలి పైదాకా మడిచే ప్యాంటు గానీ వేసుకెళ్లండి. ఆడవాళ్లకు వదులుగా ఉండే సల్వార్ సుఖం. పాదానికి వేసే స్ప్లింటు తీసుకెళ్లండి, కానీ నడిచి చూపించమన్నప్పుడు అది తీసేసి నడవాలా అని అడగండి. కండరం బలాన్ని సున్నా నుంచి ఐదు దాకా కొలుస్తారు. అసలు కదలకపోతే సున్నా, పాదాన్ని దాని సొంత బరువుకు ఎదురుగా లేపగలిగితే మూడు, మామూలుగా ఉంటే ఐదు. ఆ తర్వాత నిలకడ చూస్తారు: చదునులో నడక, వాలు, మెట్లు, దెబ్బతిన్న కాలి మీద నిలబడటం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు. చేయలేనిది చేయలేనని చెప్పండి. ఇబ్బందిని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపించొద్దు, నరాల పరీక్షకూ మీ నడకకూ పొంతన లేకపోతే నిజమైన ఇబ్బంది కూడా నమ్మరు. మా నాన్న మొహమాటపడి గోడ పట్టుకుని గబగబా నడవబోయారు. డాక్టరమ్మే ఆపి, "పెద్దాయనా, ఇంట్లో ఎలా నడుస్తారో అలాగే నడవండి" అన్నారు. ఆ మాట అందరికీ చెప్పాలనిపిస్తుంది నాకు.

శాతం వచ్చాక

40 శాతం, ఆపైన ఉంటేనే ఎక్కువ పథకాలు, రిజర్వేషన్లు వర్తిస్తాయి. ఒక్క పాదానికి ఫుట్ డ్రాప్ ఉన్నంత మాత్రాన 40 దాటాలనేమీ లేదు, ఆ సంగతి ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. 2024 నిబంధనల ప్రకారం 40 లోపు తెల్ల కార్డు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. దరఖాస్తు మీద నిర్ణయానికి అధికారులకు మూడు నెలల గడువు ఉంది. శాతం అన్యాయంగా ఉందనిపిస్తే చట్టంలోని 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు, కొత్త నరాల పరీక్ష రిపోర్టు జతచేయండి.

పింఛను దానంతట అదే రాదు, సర్టిఫికెట్ చేతికొచ్చాక దానికి వేరే దరఖాస్తు పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 2023 నుంచి 4,016. పాదం స్ప్లింటు, కాలిపర్లు కొనే స్తోమత లేనివాళ్లు అలింకో (వికలాంగుల పరికరాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) క్యాంపు ఎప్పుడో జిల్లా వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగండి, కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఇస్తారు. తాత్కాలిక సర్టిఫికెట్ వచ్చినవాళ్లు గడువు తేదీని గోడ క్యాలెండర్ మీద, దానికి మూడు నెలల ముందు పేజీలో రాసుకోండి. కొత్త స్లాట్ కోసం అప్పుడే బయల్దేరాలి.