మార్పులు చేసిన కారు లోపలికి ఇంజిన్ పొగ వాసన: బ్యాక్ కంప్రెషన్‌ను మూలంలోనే కట్టడి చేయడం

సిగ్నల్ దగ్గర కారు ఆగి నిమిషం గడవగానే ఏసీ గాలితో పాటు వేడి నూనె వాసన, దానిలో కలిసి కాస్త పెట్రోలు ఘాటు. కదిలితే తగ్గుతుంది, మళ్లీ ఆగితే వస్తుంది. టర్బో పెట్రోలు కారుకు బయట కొన్న క్యాచ్ క్యాన్ (ఇంజిన్ ఆవిరిలోని నూనెను పట్టే డబ్బా) పెట్టి, దాని నెత్తిన ఆవిరిని గాలిలోకి వదిలే చిన్న బ్రీదర్ ఫిల్టర్ బిగించిన వాళ్లలో చాలామందికి ఈ వాసన తెలుసు. సెంటు సీసా వేలాడదీసి, క్యాబిన్ ఫిల్టర్ మార్చి సరిపెట్టుకుంటారు. అలా సరిపెట్టుకోకూడని విషయం ఇది. ఆ వాసనతో పాటు వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది.

పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా నూటికి నూరు శాతం మూసి ఉంచవు. కాలిన వాయువు, కాలని పెట్రోలు, నీటి ఆవిరి కొద్దికొద్దిగా రింగులు దాటి కింద ఆయిల్ చాంబర్ (క్రాంక్‌కేసు) వైపు జారతాయి. మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనేది దీన్నే. లోపల అది ఆయిల్ తుంపరతో కలుస్తుంది. బయటికి దారి లేకపోతే ఒత్తిడి పెరిగి డిప్‌స్టిక్‌ను (ఆయిల్ మట్టం చూసే పుల్ల) పైకి నెడుతుంది, క్రాంక్ సీళ్ల నుంచి నూనె కక్కిస్తుంది. పాత రోజుల్లో ఒక పైపును రోడ్డు వైపు దించి వదిలేసేవారు. 1961 మోడల్ కార్లతో కాలిఫోర్నియాలో ఆ ఆవిరిని తిరిగి ఇంజిన్‌కే తాగించే పీసీవీ (పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్) పద్ధతి మొదలైంది. బ్రీదర్ ఫిల్టర్ పెట్టి గాలిలోకి వదలడమంటే ఆ రోడ్డు పైపును మళ్లీ తెచ్చుకోవడమే, అదీ వైపర్ల కిందికి తెచ్చి పెట్టుకోవడం.

వైపర్ల కింది నల్ల జాలీ గుండానే ఏసీ బ్లోయర్ బయటి గాలి పీలుస్తుంది. బోనెట్ వెనక అంచున రబ్బరు బీడింగ్ ఉండేది ఇంజిన్ గది గాలి ఆ జాలీలోకి పోకుండా. వేడి తగ్గుతుందని ఆ బీడింగ్ తీసేసినా, బోనెట్ వెనక వాషర్లు పెట్టి ఎత్తినా, ఆగి ఉన్నప్పుడు పైకి లేచే ఆవిరి నేరుగా బ్లోయర్ నోట్లో పడుతుంది. వేగంలో వెళ్తున్నప్పుడు అద్దం అడుగున గాలి ఒత్తిడి ఎక్కువ కాబట్టి అక్కడి నుంచి వేడి బయటికి పోవడం కూడా అనుకున్నంత జరగదు.

ముందు ప్రాణం సంగతి

పని మొదలెట్టే ముందు ఒక డిజిటల్ కార్బన్ మోనాక్సైడ్ మీటరు కొనండి. సింగిల్ డిజిట్ పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో ఎన్ని భాగాలు) కూడా చూపించేది కావాలి. ఇళ్లలో పెట్టే అలారం దీనికి పనికిరాదు, ఎందుకంటే అది 70 పీపీఎం దగ్గర కూడా గంట దాటాక గానీ మోగనవసరం లేకుండా తయారవుతుంది. ఉద్యోగుల ఆరోగ్యం చూసే అమెరికా సంస్థ నియోష్, పని స్థలాల్లో 8 గంటల సగటుకు పెట్టిన హద్దు 35 పీపీఎం, క్షణకాలం కూడా దాటకూడదన్నది 200.

తెల్లవారుజామున ఖాళీ మైదానంలో చూడండి. ట్రాఫిక్‌లో చూస్తే పక్క బండి పొగ కూడా లెక్కలో పడుతుంది. మూసిన గ్యారేజీలో మాత్రం ఎప్పుడూ వద్దు. మీటరు మొదట బయట ఎంత చూపిస్తుందో రాసుకోండి. తర్వాత అద్దాలు మూసి, బ్లోయర్ బయటి గాలికి పెట్టి, ఇంజిన్‌ను 10 నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. మీటరు డ్రైవర్ ముక్కు ఎత్తులో ఉండాలి. లోపలి అంకె బయటి అంకె కంటే పెరుగుతూ పోతుంటే ఇంజిన్ ఆపి దిగిపోండి. అది సరిచేసేదాకా ఆ కారులో పిల్లల్ని ఎక్కించకండి. ఎవరికైనా తలనొప్పి, వికారం, మత్తు వచ్చి ఉంటే ఆసుపత్రికి వెళ్లి కార్బన్ మోనాక్సైడ్ అనుమానం ఉందని నోరు తెరిచి చెప్పాలి. వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటర్ ఈ విషంలోనూ 98, 99 చూపించి మోసం చేస్తుంది.

వాసన ఎక్కడిదో తేల్చుకోండి

అన్నీ బ్యాక్ కంప్రెషన్ కావు. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) ప్యాకింగ్ కారి, నూనె చుక్కలు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడితే మాడిన వాసన వస్తుంది. అక్కడ తడి ఉందేమో టార్చి వేసి చూడండి. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్ శబ్దం వచ్చి, వేడెక్కాక తగ్గితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ లేదా డౌన్‌పైపు (టర్బో నుంచి కిందికి దిగే పొగ పైపు) ప్యాకింగ్ అనుమానించాలి. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన కారులో ఈ లీకు మరీ ప్రమాదం. రిచ్‌గా, అంటే పెట్రోలు ఎక్కువ పడేలా ట్యూన్ చేసిన ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ శాతాల్లో ఉంటుంది, 1 శాతం అంటే 10,000 పీపీఎం. వేగంలో, అదీ వెనక అద్దం దించినప్పుడు వాసన పెరిగితే డిక్కీ బీడింగ్ చూడండి. వెనక కిటికీ తెరిస్తే క్యాబిన్‌లో ఒత్తిడి తగ్గి ఏ కన్నం ఉంటే ఆ కన్నం లోంచి పొగ లోపలికి లాగుతుంది.

డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పచ్చి పెట్రోలు వాసన కొడితే, ఆయిల్ మట్టం పెరిగి ఉంటే, ట్యూన్ ఎక్కువ పెట్రోలు పోస్తోంది. ఆయిల్ మార్చి, ట్యూన్ సరిచేయించకుండా క్యాన్ ఎన్ని మార్చినా లాభం లేదు. మట్టం పై గీత దాటి ఉన్నా తుంపర ఎక్కువవుతుంది.

తర్వాత క్రాంక్‌కేసు ఒత్తిడి. పాత ఆయిల్ మూత ఒకటి సంపాదించి, దానికి రంధ్రం చేసి 6 మి.మీ. నాజిల్ బిగించండి. పారదర్శకమైన 6 మి.మీ. గొట్టాన్ని యూ ఆకారంలో చెక్కకు కట్టి, ఒక్కో కాలు అర మీటరు ఉండేలా చూసి, సగం దాకా రంగు నీళ్లు పోయండి. మధ్యలో ఒక ఖాళీ సీసా పెడితే నీళ్లు ఇంజిన్‌లోకి పోవు. రెండు కాళ్లలో నీటి ఎత్తుల తేడాయే ఒత్తిడి: 100 మి.మీ. అంటే సుమారు 1 కిలోపాస్కల్. వేడెక్కిన ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు నీళ్లు కొద్దిగా ఇంజిన్ వైపు లాగాలి. ఎంతన్నది కారును బట్టి మారుతుంది. లాగకుండా అవతలికి నెడుతుంటే పీసీవీ పనిచేయట్లేదు, లేదా రింగులు పోయాయి. డిప్‌స్టిక్ గొట్టానికి పెట్టి కొలవకండి, కొన్ని ఇంజిన్లలో అది నూనెలో మునిగి ఉంటుంది.

రింగుల సంగతి లీక్‌డౌన్ పరీక్షతో తేలుతుంది. పిస్టన్ టాప్‌లో ఉండగా సిలిండర్‌లోకి గాలి ఎక్కిస్తే 10 శాతం లోపు నష్టం మంచిది, 20 దాకా నెట్టుకురావచ్చు, 30 దాటి ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటుంటే బోరింగ్ పని (సిలిండర్లు చెక్కి రింగులు మార్చడం) పడినట్టే. కొత్తగా బోరింగ్ చేసిన ఇంజిన్‌లో రింగులు కూర్చునేదాకా బ్యాక్ కంప్రెషన్ ఎక్కువే ఉంటుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. టర్బో సీళ్లు అరిగినా ఆయిల్ డ్రెయిన్ దారిలో గాలి కిందికి దిగి ఇదే లక్షణం చూపిస్తుంది.

దారి మూయడం

మందు ఒక్కటే: క్యాన్‌ను గాలిలోకి కాక, తిరిగి ఇన్‌టేక్‌కు కలపాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

కావాల్సినవి: లోపల అడ్డుగోడలున్న, సీల్ అయిన, ఫిల్టర్ లేని క్యాన్, రోడ్డు కారుకు 750 మి.లీ. నుంచి లీటరు చాలు. 19 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న ఆయిల్ గొట్టం, అంటే నైట్రైల్ లేదా ఫ్లోరో లైనింగ్ ఉన్నది. హీటర్ గొట్టం వాడితే నూనెకు ఉబ్బి మెత్తబడుతుంది. మామూలు సిలికాన్ గొట్టం బయటికి నూనె చెమట పోస్తుంది, ఆ చెమటే మళ్లీ వాసన. పాత గొట్టం ఎంత వ్యాసమో అంతకంటే సన్నది ఎక్కడా వేయకండి. నిజానికి ఎన్నో క్యాన్లు దెబ్బతినేది ఇక్కడే. పెద్ద క్యాన్‌కు 10 మి.మీ. నాజిళ్లు పెట్టి అమ్ముతారు. ఐడిల్‌లో బాగానే ఉంటుంది, ఫుల్ బూస్ట్‌లో (టర్బో పూర్తి ఒత్తిడితో గాలి నెట్టేటప్పుడు) డిప్‌స్టిక్ ఎగిరిపోతుంది.

ఇంజిన్ చల్లారాక పని మొదలెట్టండి. ట్యాపెట్ కవర్ బ్రీదర్ నుంచి గొట్టం క్యాన్ ఇన్‌లెట్‌కు. క్యాన్ ఆ బ్రీదర్ కంటే కింద, టర్బోకు దూరంగా, గాలి తగిలే చోట ఉండాలి, చల్లబడితేనే ఆవిరి నూనెగా మారి దిగుతుంది. గొట్టం మధ్యలో ఊయలలా వంగకూడదు, ఆ వంపులో నూనె నిలిచి దారి మూసేస్తుంది. క్యాన్ అవుట్‌లెట్ నుంచి గొట్టం ఎయిర్ ఫిల్టర్‌కూ టర్బోకూ మధ్య పైపుకు. ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సార్ ఉంటే దాని తర్వాతే కలపాలి. బయట కొన్న ఇన్‌టేక్ పైపుకు నాజిల్ లేకపోతే 19 మి.మీ. అల్యూమినియం గొట్టం ముక్క వెల్డింగ్ చేయించండి. రంధ్రం పొడిచి రబ్బరు గ్రోమెట్ గుచ్చితే వేడికి, కుదుపుకు ఊడి వస్తుంది.

ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే పైపు) వైపు ఉన్న, ఆవిరిని ఒకవైపే పోనిచ్చే పీసీవీ వాల్వును తీసేయకండి. తీసి మూత పెడితే ఐడిల్‌లో ఆవిరిని లాగేది ఎవరూ ఉండరు, నీరు, ఆమ్లాలు నూనెలోనే మిగులుతాయి, ఆయిల్ మూత కింద తెల్లటి మీగడ కడుతుంది. వాల్వును ఊపితే లోపల గలగల కదలాలి. మానిఫోల్డ్ వైపు నుంచి నోటితో ఊదితే గాలి దాటకూడదు. దాటితే బూస్ట్ నేరుగా ఆయిల్ చాంబర్‌లోకి పోతోందన్నమాట. మారిస్తే కొద్ది ఖర్చే. బూస్ట్ బాగా పెంచిన కారులో అదనంగా ఒక చెక్ వాల్వు వేయండి, బాణం గుర్తు మానిఫోల్డ్ వైపు.

క్యాన్‌లో గిన్నెలు తోమే స్టీల్ పీచు కూరే అలవాటు మానుకోవాలి. తుప్పు పట్టి, ముక్కలై, ఇప్పుడు కొత్తగా కలిపిన దారిలో నేరుగా టర్బో రెక్కల్లోకి పోతుంది. స్టెయిన్‌లెస్ జాలీ, దాని మీద రంధ్రాల ప్లేటు బిగించి ఉంటే చాలు.

బిగింపు అయ్యాక లీకు చూడండి. స్మోక్ మెషీన్ అయితే సరే, గాలితో అయితే 0.1 బార్ దాటకండి. కంప్రెసర్ పైపు నేరుగా పెడితే క్రాంక్ సీళ్లు బయటికి తన్నుకొస్తాయి. ఎయిర్‌ఫ్లో సెన్సార్ ఉన్న కారుకు ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌ను చదివే పరికరం) పెట్టి ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) చూస్తే కొలవని గాలి ఎక్కడైనా దూరుతోందో తెలిసిపోతుంది. ఐడిల్‌లో ప్లస్ 10 శాతం దాటి, 2,500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకు దిగితే ఇంకా లీకు ఉంది. ట్యాపెట్ కవర్‌కు చిన్న ఫిల్టర్ గుచ్చి పీసీవీని అలాగే ఉంచిన కార్లలో సరిగ్గా ఇదే అంకె కనిపిస్తుంది.

డీజిల్ బండ్లలో మరో అలవాటుంది. ఇంటర్‌కూలర్‌లో (టర్బో గాలిని చల్లబరిచే భాగం) నూనె చేరుతోందని బ్రీదర్ పైపు ఊడదీసి కిందికి వేలాడదీస్తారు. అప్పుడు పొగ గేర్ లివర్ తొడుగు గుండా పైకి వస్తుంది. ఆ పైపును సెపరేటర్ ద్వారా టర్బో ముందుకే కలపాలి. బూస్ట్ ఎంతున్నా అక్కడ ఒత్తిడి పెరగదు, పైగా కొద్దిగా లాగుడు ఉంటుంది.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. మన ప్రమాణాల ప్రకారం పెట్రోలు కారు క్రాంక్‌కేసు ఆవిరి గాలిలోకి పోకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద మార్పులకే హద్దులున్నాయి, 2019 సవరణ తర్వాత కాలుష్యానికి 190(2) కింద జరిమానా పది వేల దాకా ఉంది.

క్యాబిన్ వైపు కన్నాలు

రాత్రి పూట ఇంజిన్ గదిలో బలమైన లైటు పెట్టి, లోపల అంతా చీకటి చేసి, డ్యాష్‌బోర్డ్ కింద పడుకుని చూడండి. యాంప్లిఫయర్ పవర్ కేబుల్, బూస్ట్ గేజ్ గొట్టం కోసం పొడిచిన రంధ్రాలు చుక్కల్లా మెరుస్తాయి. క్లచ్ కేబుల్ దారి, స్టీరింగ్ రాడ్ బూటు, తీసేసిన హీటర్ పైపుల కన్నాలు కూడా చూడండి. సరైన సైజు గ్రోమెట్ వేసి, చుట్టూ పాలీయురేథేన్ బాడీ సీలర్ పూయండి. ఇంజిన్ వైపు ఎంసీల్ ముద్ద పెట్టి వదిలేస్తే వేడికి, కుదుపుకు పగులుతుంది. బోనెట్ బీడింగ్ మళ్లీ వేయండి, వాషర్లు తీయండి. తర్వాత బ్లోయర్ తిప్పి, వైపర్ల జాలీ చుట్టూ అగరుబత్తి పొగ పట్టి చూస్తే ఇంకా ఎక్కడ లాగుతోందో తెలుస్తుంది. చుట్టుపక్కల పెట్రోలు తడి లేకుండా, బోనెట్ మూసే ఈ పరీక్ష చేయాలి.

కార్బన్ క్యాబిన్ ఫిల్టర్ వాసనను కొంత పీల్చేస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌ను అస్సలు ఆపదు. హెచ్చరించే వాసన పోయి విషం మాత్రం మిగులుతుంది కాబట్టి లీకు సరిచేయకముందు అది వేయడం ప్రమాదమే.

ట్రాక్ మీద మాత్రమే తిరిగే కారుకు, గాలిలోకే వదలక తప్పదంటే, ఆ గొట్టాన్ని ఎగ్జాస్ట్‌కు దూరంగా, క్యాబిన్ గాలి దారికి దూరంగా దించండి. నూనెతో తడిసిన ఫిల్టర్ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద చుక్కలు రాలిస్తే అంటుకుంటుంది.

పని అయ్యాక అదే మైదానంలో అదే 10 నిమిషాల పరీక్ష మళ్లీ చేయండి, లోపలి అంకె బయటి అంకెతో సమానం కావాలి. మొదటి నెల 1,000 కి.మీ.కు ఒకసారి క్యాన్ తీసి ఎంత చేరిందో రాసుకోండి. గోధుమ రంగు నీళ్లలాంటిది, పెట్రోలు వాసనతో వస్తే మామూలే. చలికాలంలో, చిన్న దూరాలు తిరిగినప్పుడు నీరు ఎక్కువ చేరుతుంది. షికాగో, టొరాంటో లాంటి చోట ఉన్న మనవాళ్లు అక్కడి చలిలో వారానికొకసారి ఖాళీ చేయాలి, లేకపోతే ఆ నీరే గడ్డకట్టి గొట్టం మూసుకుంటుంది. తీసింది డ్రైనేజీలో పోయకుండా పాత ఆయిల్‌తో కలిపి రీసైక్లింగ్‌కు ఇవ్వండి. నెలనెలా 50 మి.లీ. వచ్చే క్యాన్‌లో ఒక నెల 200 మి.లీ. నల్లటి నూనె కనిపిస్తే గొట్టాలు తడమడం మాని, నేరుగా లీక్‌డౌన్ గేజ్ పట్టండి.